షోలాపురపు సాలెపేటలు: ఇంటి వెచ్చము, పరదేశ స్వప్నము

మహారాష్ట్రమునందలి షోలాపురము పేరు చెప్పగానే జకార్డు పూలదుప్పటియు, మెత్తని నూలు తువాలును స్ఫురించును. ఆ దుప్పట్లను నేసిన చేతులు మిక్కిలిగ తెలుగువారివి. నగరపు తూర్పు భాగమున సాఖర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, దత్తనగరము మున్నగు చోట్ల నడచునపుడు మరమగ్గముల చప్పుడుతోపాటు తెలంగాణపు పలుకుబడి చెవిని పడును. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, సంతలో కన్నడము, రైలులో హిందీ. ఈ నాలుగు భాషల నడుమ నాలుగైదు తరములుగ పద్మశాలి కుటుంబములు జీవించుచున్నవి.

ఈ పేటలలో ఏ ఇంటి అరుగుమీద కూర్చున్నను రెండు మాటలు వినవచ్చును. నెలకు వచ్చిన సొమ్ము నెల నిండకమున్నే చెల్లిపోవుచున్నదనునది మొదటి మాట. పిల్లవాడు పూనాకో, హైదరాబాదుకో, వీలైనచో సముద్రము దాటియో పోయినగాని ఇల్లు గట్టెక్కదనునది రెండవ మాట. మొదటిదానిని ధరల సమస్యగను, రెండవదానిని యువకుల ఆశగను వేరువేరుగ ఎంచుట వాడుక. నిదానించి చూచినచో ఈ రెండును ఒకే ఇంటి లెక్కలోని రెండు పుటలు. ప్రయాణస్వప్నము ఇంటి వెచ్చమునుండి తప్పించుకొను దారి కాదు. ఆ వెచ్చములలో అన్నింటికంటె పెద్ద పద్దు అదియే. ఈ సంగతిని విశదీకరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వచ్చిన త్రోవ

షోలాపురపు తెలుగువారు స్వయముగ వలసదారుల సంతానము. 1860 ప్రాంతమున గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గము బొంబాయినుండి షోలాపురమునకు చేరినది. 1874లో నైజాము రాజ్యపు రైలు సికిందరాబాదును వాడి కూడలితో కలిపినది. 1876-78 సంవత్సరములలో దక్కను అంతటను ఘోరమైన క్షామము కలిగినది. ఆ క్షామకాలముననే, 1877లో, షోలాపుర స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ మిల్లు ఆరంభమైనది. దీనినే ప్రజలు పాత మిల్లని వ్యవహరించిరి. త్రోవ ఏర్పడినది, ఊర తిండి లేకపోయినది, పట్టణమున నూలును, పనియును దొరికినవి. ఈ మూడును కూడివచ్చినందున కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల సాలెలు పశ్చిమమునకు కదలిరి.

ఐనను వారిని కేవలము కరవు తరిమిన జనులని భావించుట పొరపాటు. డగ్లస్ హేన్స్, తీర్థంకర్ రాయ్ అను చరిత్రకారులు 1999లో ప్రకటించిన వ్యాసమున భారతదేశపు నేతగాండ్ర వలసలను పరిశీలించి, వారు మార్కెట్టును, నూలును, పెట్టుబడిని వెదకికొనుచు తెలిసి కదలిన పనివారని నిరూపించిరి. షోలాపురమునకు వచ్చినవారును అట్టివారే. మొదట ఒక బావమరది వచ్చును; ఒక కార్ఖానాలో మగ్గము సంపాదించును; పిదప అక్కాబావలను రప్పించును; వారి వెంట వారి వియ్యాలవారు వత్తురు. ఇట్లు బంధుత్వమే బండి తాడై ఊళ్లకు ఊళ్లను లాగినది.

ఈ వలసకు ఒక విశేషమున్నది. వచ్చినది ఒక్క మనిషి కాదు, ఇల్లు మొత్తము. మగవాడు మగ్గమెక్కును, ఇల్లాలు రాట్నముపై కండెలు చుట్టును, ముసలివారు పడుగు సరిచేయుదురు, పిల్లలు తెగిన పోగులను అతుకుదురు. కావున కొత్త ఊరిలో కాలు మోపిన నాటినుండియే ప్రతి నోటికిని ఒక జత చేతుల సంపాదన తోడయ్యెను. అదే కాలమున, 1860 మొదలు, మద్రాసు రేవునుండి నేటాలుకు ఓడలెక్కిన తెలుగు కూలీల సంగతి వేరు. వారు ఐదేండ్ల కట్టుబాటుకు వ్రేలిముద్ర వేసి, ఊరిని వెనుక విడిచి, చెరకుతోటల కేగిరి. షోలాపురపు సాలెకు సముద్రము అడ్డము లేదు. పండుగకో, పెండ్లికో రైలెక్కి తిరిగి పోవచ్చును. ఐనను అతడును పూర్తిగ స్వతంత్రుడు కాడు. సొంత మగ్గము లేనివాడు కార్ఖానాదారునినుండి ముందప్పు తీసికొనును. అది తీరువరకు ఆ కొట్టము విడిచిపోరాదు. 1947లో పూనాలోని గోఖలే సంస్థ ప్రకటించిన ఆర్. జి. కాకడే గారి షోలాపుర నేతకులముల పరిశీలనమునందు ఈ జీవనము సవిస్తరముగ వర్ణింపబడినది.

అనగా, వెచ్చము పెరిగినపుడు తావు మార్చుట ఈ కుటుంబములకు క్రొత్త ఆలోచన కాదు. తాతలు వాడిన మందునే మనుమలు వెదకుచున్నారు. ఐతే మందు అదియే ఐనను మోతాదు మారినది.

ధరలను కొలుచు కొలబద్ద

ఇంటి వెచ్చమును శాస్త్రీయముగ కొలుచుటలో షోలాపురమునకు ఒక స్థానమున్నది. బొంబాయి ప్రభుత్వపు లేబర్ ఆఫీసువారు ఈ నగరపు నూలుమిల్లు కార్మికుల కుటుంబముల జమాఖర్చులను విచారించి 1928లో నివేదిక ప్రకటించిరి. పిమ్మట షోలాపురమునకు ప్రత్యేకముగ జీవనవ్యయ సూచి లెక్కింపబడెను. భారత ప్రభుత్వపు లేబర్ బ్యూరో ప్రకటించు పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచిలోను ఈ నగరము ఒక కేంద్రముగ చేర్చబడినది.

ఈ సూచి చేయు పని సులభముగ చెప్పవచ్చును. ఒక సామాన్య కార్మిక కుటుంబము నెలకు కొను వస్తువులను ఒక బుట్టలో నుంచినట్లు ఊహింతురు. బియ్యము, జొన్న, నూనె, వంటచెరకు, అద్దె, బట్ట, మందులు, బడి రుసుము అన్నియు అందుండును. ఏ వస్తువుపై నూటికెంత వ్యయమగునో దానికి అంత తూకము నిత్తురు. ఆ బుట్టయే మరల కొనుటకు ఎంత అధికమగునో అదియే సూచి చూపును. జర్మను గణకుడు ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో ఒక సూత్రము చెప్పెను: కుటుంబపు రాబడి పెరిగినకొలది అందు తిండికగు భాగము తరుగును. మన దేశపు సూచిలోని తూకములు ఈ సూత్రమునకు ఉదాహరణములు. 1960 ఆధారముగ గల సూచిలో తిండి భాగము నూటికి దాదాపు 61. 1982 సూచిలో 57. 2001 సూచిలో 46. 2016 సూచిలో 39.

ఈ అంకెలను చూచి సంతోషించుటకు ముందు ఒక్కక్షణము ఆగవలెను. తిండి భాగము తగ్గినచోట మరియొకటి పెరిగినది. వైద్యము, విద్య, రాకపోకలు మొదలగువాని భాగము 2001లో నూటికి 23 ఉండగా 2016 సూచిలో 30కి ఎక్కినది. తిండిలో పొదుపు చేయ వీలున్నది. వంకాయ ప్రియమైనచో గోంగూర తినవచ్చును. ఆసుపత్రి చీటీలోను, కళాశాల రుసుములోను అట్టి వీలు లేదు. షోలాపురపు ఇల్లాలు నేడు భయపడునది అంగడి ధరకంటె ఎక్కువగ ఈ తప్పని వెచ్చములకే.

మరియొక సంగతి. ఈ సూచికి మూలమైన గణన ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వేలు, మోటారు రవాణా, విద్యుత్తు, రేవులు అను ఏడు రంగముల కార్మికులనుండి జరుగును. ఇంటిలో కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీకి అందు తావు లేదు. సూచి పెరిగినపుడు కరవుభత్యము పెరుగు ఉద్యోగికి అది గొడుగు వంటిది. తునకల లెక్కన కూలి పొందువాడు మాత్రము ప్రతి పర్యాయమును యజమానితో బేరమాడియే ఆ పెరుగుదలను సంపాదింపవలెను. చట్టమున కనీస వేతనమున్నను బేరము తప్పుటలేదు. కావున ఒకే వీధిలో ఒకే ధరకు ఉప్పు కొను రెండు కుటుంబములలో ఒకటి కొంత నిబ్బరముగను, రెండవది తడబడుచును ఉండుట కానవచ్చును.

మిల్లునుండి మరమగ్గమునకు

నెలజీతపు నిబ్బరమును షోలాపురము ఒకప్పుడు ఎరుగును. కాని అది నిలుకడైనది కాదు. 1949లో పాత మిల్లు మూతపడెను. 1950 జనవరిలో భారత ప్రభుత్వము ప్రత్యేకమైన అత్యవసర శాసనముచే దాని యాజమాన్యమును వశపరచుకొనెను. దానిపై వచ్చిన వివాదము సుప్రీంకోర్టువరకు పోయి, ప్రాథమిక హక్కులను గూర్చిన తొలి తీర్పులలో నొకటిగ నిలిచినది. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ తీర్పును చదువుదురు. ఐతే పేటలలోనివారికి జ్ఞాపకమున్నది తీర్పు కాదు, మిల్లు కూత వినబడని ఉదయములు. తరువాతి దశాబ్దములలో తక్కిన పెద్ద మిల్లులును ఒకటొకటిగ మూతపడినవి.

ఈలోగా చేతిమగ్గపు చీర వెనుకబడి, మరమగ్గపు దుప్పటి, తువాలు ముందుకు వచ్చినవి. షోలాపుర దుప్పటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాని ఇంటి ఆర్థికమున దీని ఫలితము గమనింపదగినది. చేతిమగ్గమున ఇల్లాలి కండె, ముసలివాని ఆసు, పిల్లవాని అతుకు అన్నియు కలిసి ఒక బట్ట అయ్యెడివి. మరమగ్గపు కొట్టమున ఒక్క మగవానికి మాత్రమే పని. నూలు ధర పెరిగినను, విద్యుత్తు వెల పెరిగినను, పానిపట్టునుండి చవుక సరకు దిగినను, ఆ దెబ్బ అతని తునకల కూలిపైననే పడును. ఇంటిలోని తక్కిన చేతులు ఖాళీ ఐనవి. ఆ ఖాళీలోనికి బీడీ వచ్చినది.

చేటలోని పద్దు

షోలాపురమున బీడీ చుట్టువారిలో అత్యధికులు స్త్రీలు. వారిలో తెలుగు స్త్రీలు మిక్కిలి పెద్ద భాగము. ఉదయము కార్ఖానాలో తునికాకును, పొగాకును తూకము వేయించుకొని వత్తురు. ఆకును తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారముతో కట్టి, మరునాడు అప్పగింతురు. కూలి వేయి బీడీల లెక్కన. వంకరవానిని, వదులువానిని ఏరివేయుదురు. ఆకు తరుగు పడినచో కొరత చుట్టినవారిదే.

ఈ వృత్తికి రక్షణగ 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టమును, 1976లో సంక్షేమనిధి చట్టమును వచ్చినవి. సంక్షేమనిధికై వసూలగుచుండిన సుంకము 2017లో కొత్త పన్నుల విధానముతో రద్దయినది. బీడీపై 28 శాతము పన్ను పడినది. పన్ను పెరిగినపుడు అమ్మకము తగ్గునని కార్ఖానావారు ఆకు తక్కువగ నిత్తురు. ఆకు తగ్గిన దినమున ఇంటి రాబడి తగ్గును. పొగాకు ధూళి ఊపిరికి హానియని, పొగత్రాగుట ప్రాణాంతకమని చుట్టువారికి తెలియనిది కాదు. తెలిసియు చేటను దింపలేకపోవుటకు కారణము ఒక్కటే: ఆ చేటలోని సొమ్ము వారము వారము చేతికి వచ్చును, మగ్గపు కూలి ఆగినపుడును అది ఆగదు.

ధరలు పెరిగినపుడు ఈ ఇండ్లు చేయు ఉపాయములు క్రమముగ నాలుగు. మొదటిది మార్పు. ఒకప్పుడు జొన్న పేదవాని తిండి. తెలుగువారికి ఇష్టమైన వరియన్నము పండుగనాటి మాట. చవుకడిపో గోధుమ, బియ్యము వచ్చిన పిదప లెక్క తారుమారైనది. 2013 ఆహారభద్రతా చట్టము క్రింద అర్హులకు నెలకు మనిషికి 5 కిలోల ధాన్యము నిర్ణయమైనది; 2023 జనవరినుండి అది ఉచితమైనది. ఇపుడు రొట్టెకు జొన్న కొనుటయే కొంచెము ఆలోచించు పని. రెండవది వాయిదా: కంటి అద్దములు, పంటి నొప్పి, పెద్దకూతురి చదువు మరుసటి ఏటికి జరుపబడును. మూడవది అప్పు: కిరాణా దుకాణమున ఉద్దర, ఇరుగుపొరుగుతో చీటీ, మహిళల పొదుపు సంఘము, చివరకు వడ్డీవ్యాపారి. నాలుగవది అదనపు చేతులు: బడినుండి వచ్చిన ఆడపిల్ల తల్లి ప్రక్కన కూర్చుండి కత్తెర పట్టును. ఈ నాలుగింటిలో మొదటి రెండును కనబడని అప్పులు. అవి శరీరమునుండియు, చదువునుండియు తీయబడును. నాలుగవది అన్నిటికంటె ప్రియమైనది. దాని వెల ఇరువది ఏండ్ల పిదప తెలియును.

సొంత గోడలు

ఐదవ ఉపాయమగు ప్రయాణమునకు ముందు, ప్రయాణము చేయకయే భారము తగ్గించు మార్గమునొకదానిని షోలాపురము చూపినది. అది ఇల్లు. అద్దెయింటి స్త్రీకి కూలిలో పెద్ద పాలు అద్దెకు పోవును. పైగా అద్దెగది ఇరుకైనకొలది చేట పెట్టుకొను చోటు తగ్గి రాబడియు తగ్గును. కార్మిక నాయకుడును, మాజీ శాసనసభ్యుడును ఐన నరసయ్య ఆడం గారి నాయకత్వమున బీడీ స్త్రీలు సహకార సంఘముగ కూడి ఏండ్లతరబడి ఉద్యమించిరి. ఫలితముగ నగరమునకు వెలుపల కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేర 10,000 ఇండ్ల వాడ వెలసి, 2006లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారిచే అప్పగింపబడినది. అటుపై రేనగర్ అను పేర 30,000 ఇండ్ల ప్రణాళిక పూనబడెను. దానికి 2019 జనవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు శంకుస్థాపన చేసిరి. 2024 జనవరిలో అందు 15,000 ఇండ్లు అప్పగించిరి. బీడీ చుట్టువారు, మగ్గపు పనివారు, చిత్తుకాగితములు ఏరువారు మున్నగు శ్రామికులు అందు లబ్ధిదారులు.

సొంత ఇల్లు కూలిని పెంచదు. కాని అద్దె పెరుగునను భయమును తీయును. కాగితముపై స్త్రీ పేరు వ్రాయబడినచో ఆమె మాటకు బలము కలుగును. నగరమునకు దూరమగుటచే బస్సు వెచ్చము పెరుగుటయు నిజమే. ఐనను ముందప్పు తీసికొని కార్ఖానా కొట్టములోనే కాపురమున్న తరమునకును, తాళముచెవి కొంగున ముడివేసికొన్న తరమునకును గల దూరము చిన్నది కాదు.

సముద్రపు టావలి లెక్క

ఇక పరదేశ స్వప్నము. ఇది ఈ పేటలకు రెండు దారుల చేరినది. మొదటిది చుట్టరికపు దారి. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట గల్ఫు దేశములలో కట్టడపు పనులు విస్తరించినవి. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి వేలకొలది మనుష్యులు పోయిరి. పుట్టినూళ్లతో పెండ్లి సంబంధములు నిలుపుకొన్న షోలాపురపు ఇండ్లకు ఆ వార్తలు చేరినవి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథోత్సవమునకు కూడిన బంధువులలో ఎవరి కొడుకు ఎక్కడ నున్నాడను ప్రసంగము సహజముగ వచ్చును. రెండవది చదువుల దారి. ఇంజనీరింగు చదివిన బాలుడు మొదట పూనాకు, అటనుండి అమెరికాకో, జర్మనీకో పోగోరును.

తాతల వలసకును దీనికిని భేదమిక్కడ స్పష్టమగును. అప్పుడు ఇల్లంతయు కదలినది; ఇప్పుడు కదలునది ఒక్కడు. అప్పుడు రైలు టిక్కెట్టు వెల పెట్టుబడి. ఇప్పుడు పెట్టుబడి సంవత్సరముల రాబడి. ఆ పెట్టుబడి పుట్టునది వెనుక మిగిలిన చేతులనుండియే.

లెక్క చూడదగినది. 1983 వలసచట్టము క్రిందనున్న నియమముల ప్రకారము, రిజిష్టరైన ఏజెంటు ఉద్యోగార్థినుండి పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలకు మించరాదు. దానిపై 18 శాతము పన్ను కలిపిన 35,400. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయల ప్రీమియముతో 10 లక్షల ప్రమాద బీమా కలదు. పదవతరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు మున్నగు కొన్ని దేశములకు పనికై పోవుటకు ముందు ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ఇవి కాగితముపైని నియమములు. ఇవి తెలియనివాడు అనధికార దళారి చేతబడి రెండింతలు, మూడింతలు చెల్లించి, విహారపు వీసాతో దిగి, పనిచోట ఏ హక్కును లేక నిలుచును. ఉదాహరణకు, లక్ష రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో వడ్డీయే నెలకు 3,000, రెండేండ్లకు 72,000, అసలు అట్లే యుండును. నెలకు ఆ మూడువేలు ఎన్ని వేల బీడీలగునో తల్లి కాగితము లేకయే చెప్పగలదు.

చదువరి లెక్కయు ఇట్టిదే. అంకెలు మాత్రము పెద్దవి. రుసుము డాలరులలో, అప్పు రూపాయలలో. 1966 జూనులో డాలరు వెల 4.76 రూపాయలనుండి 7.50కి మార్చబడినది, 2022లో 80 దాటినది. రూపాయి వెల తగ్గినపుడు విదేశమున సంపాదించువాని సొమ్ము ఇంట ఎక్కువ అగును. కాని ఇంకను చదువుచున్నవాని అప్పుభారమును అంతే పెరుగును. ఒకే మార్పు ఒక ఇంట పండుగ, మరియొక ఇంట దిగులు.

దూరదేశపు రాబడి ఒక్కసారిగ నిలిచిపోవుటయు కలదు. 1990లో కువైటు యుద్ధమున 1,70,000 మందికి పైబడిన భారతీయులను విమానములలో తీసికొని రావలసి వచ్చెను. 2020లో మహమ్మారి వేళ మరల అట్టి తరలింపు జరిగినది. తిరిగివచ్చినవానికి ప్రభుత్వము విమానము నీయగలిగినది. వాని అప్పును మాఫీ చేయలేదు.

ఇట్లనుటచే ప్రయాణము కూడదని తాత్పర్యము కాదు. పోయి బాగుపడిన ఇండ్లు కలవు. చెల్లెండ్ర చదువులు, వైద్యములు ఆ సొమ్ముతోనే జరిగినవి. ప్రశ్న వేరు. పోవువాని పేర వ్రాసిన లాభములో, పంపినవారి పేర ఎంత వ్రాయబడుచున్నది? తమ్ముని వీసాకై కళాశాల మానిన అక్క పద్దు ఏ పుస్తకమున నున్నది?

ఉపసంహారము

షోలాపురపు సాలెపేటల చరిత్రనుండి మూడు విషయములు తేలుచున్నవి. ధరల బాధను మొదట భరించునది తిండి కాదు, ఆరోగ్యమును, ఆడపిల్ల చదువును. రెండవది, వలస ఈ సంఘమునకు పరాయిది కాదు. ఐతే ఇల్లంతయు కదలిన వలసలో కష్టమును లాభమును ఒకే కప్పు క్రింద నుండెను, ఒక్కడు కదలు వలసలో అవి రెండు చోట్ల నుండును. మూడవది, ఇల్లు, నియతమైన కూలి, నమ్మదగిన వైద్యము సమకూడినచోట ప్రయాణము ఇష్టమున చేయు ఎన్నిక అగును; అవి లేనిచోట అది తప్పని తరుగుడు.

తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన పని చిన్నదైనను కలదు. వలస నియమములను, రుసుముల మితిని, బీమా సంగతిని తెలుగులో తెలియజెప్పుట. వెళ్లినవానికే కాక వెనుక మిగిలిన బాలికకును విద్యావేతనము కల్పించుట. మరాఠీ బడిలో చదివి తెలుగక్షరము మరచుచున్న పిల్లలకు ఆ అక్షరము నందించుట. నూటయేబది ఏండ్లక్రిందట వాడి కూడలిలో రైలు దిగిన సాలెవాని మూటలో మగ్గపు నాడెయును, ఇంటిభాషయును ఉండెను. విమానమెక్కబోవు అతని మునిమనుమని సంచిలో పత్రములన్నియు సరిగ నున్నవా యని చూచునపుడు, ఆ ప్రయాణమునకు పెట్టుబడి పెట్టిన చేతుల పేర్లును అందు వ్రాయబడియున్నవా యని చూచుట న్యాయము.